ఫ్లాంజి మీద అంకె ఒక్కటే చాలదు, వేడి కూడా లెక్కలోకి రావాలి: ఇద్దరు కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టరు గార్లకు,

రసాయన ప్రమాదాల నివారణ కోసం కేంద్ర ప్రభుత్వం 1996లో చేసిన నిబంధనల ప్రకారం జిల్లా క్రైసిస్ గ్రూపుకు కలెక్టరే అధ్యక్షులు. ఆ బాధ్యతలో ఉన్న మీ ఇద్దరికీ ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను పైడిభీమవరం, రాజాం, బొబ్బిలి వైపు ఫ్యాక్టరీల్లో పైపుల పని చేసి రిటైరైన ఫిట్టర్ని. నేను అడగబోయేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి ఫ్యాక్టరీలో ప్రతి పైపు లైను మీద లోపల ఉన్న పదార్థం పేరు, ప్రెషరు, వేడి, ఈ మూడూ తెలుగులో రాయించండి. ఆ ప్రెషరుకూ ఆ వేడికీ అక్కడ బిగించిన ఫ్లాంజి సరిపోతుందో లేదో చూసుకోవడం ఫిట్టరు నుంచి హెల్పరు దాకా అందరికీ నేర్పించండి. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే కొంత లోతుకు వెళ్లక తప్పదు. దయచేసి చివరిదాకా చదవండి.

మీరు తనిఖీకి వెళ్లినప్పుడు ఫ్లాంజీలు చూసే ఉంటారు. రెండు పైపులు కలిసే చోట, పైపు వాల్వుకో రియాక్టరుకో తగిలే చోట, రెండు గుండ్రటి ఇనుప పళ్లేలు ఎదురెదురుగా ఉండి చుట్టూ బోల్టులు బిగించి ఉంటాయి. వాటి మధ్య కారకుండా ఆపే గ్యాస్కెట్ ఉంటుంది. వెల్డింగు చేసేస్తే లైను విప్పడానికి వీలుండదు కాబట్టి, విప్పాల్సి వచ్చే ప్రతిచోటా ఫ్లాంజి పెడతారు. పెద్ద మందుల ఫ్యాక్టరీలో ఇవి వేలల్లో ఉంటాయి. లైను ఎక్కడైనా కారుతోందంటే ఏ మెయింటెనెన్సు మనిషైనా ముందు చూసేది ఫ్లాంజి వైపే.

ప్రతి ఫ్లాంజి అంచు మీద పంచింగు కొట్టిన అక్షరాలుంటాయి. తయారీదారు గుర్తు, సైజు, లోహం రకం, హీట్ నంబరు అనే పోత నంబరు, వాటితో పాటు 150 అనో 300 అనో ఒక అంకె. ప్రమాదం మొదలయ్యేది ఆ అంకె దగ్గరే. షట్‌డౌన్ పనిలో నా పక్కన బోల్టులు బిగిస్తున్న ఒక కుర్రాణ్ణి అడిగాను, ఈ 150 అంటే ఏమిట్రా అని. “నూటేబై కేజీలకి తట్టుకుంటాది బాబూ. మన స్టీమెంత, పది కేజీలే గదా!” అన్నాడు. తెలివైన కుర్రాడు, చేతి పని చక్కగా వచ్చినవాడు. అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. అలా అనుకునేవాళ్లు నా సర్వీసులో లెక్కలేనంతమంది కనిపించారు, సూపర్‌వైజర్లతో సహా.

నిజానికి ఆ 150 కేజీలు కాదు, బార్లూ కాదు. అది తరగతి పేరు. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఏఎస్‌ఎంఈ తయారుచేసిన బి16.5 అనే ప్రమాణంలో అర అంగుళం నుంచి 24 అంగుళాల దాకా ఫ్లాంజీలను 150, 300, 400, 600, 900, 1500, 2500 అని తరగతులు చేశారు. మన దేశంలో మందుల ఫ్యాక్టరీలూ రిఫైనరీలూ ఎక్కువగా అదే వాడతాయి. ఒక్కో తరగతి ఏ వేడి దగ్గర ఎంత ప్రెషరు మోస్తుందో ఆ ప్రమాణంలో పట్టికలున్నాయి. పాతకాలంలో క్లాస్ 150 అంటే 500 ఫారన్‌హీట్ డిగ్రీల, అంటే మన లెక్కలో 260 డిగ్రీల వేడి దగ్గర, చదరపు అంగుళానికి 150 పౌండ్ల స్టీము మోసేదని అర్థం. పుట్టినప్పుడే ఆ అంకెకు వేడి తోడుంది. కాలక్రమంలో అంకె మిగిలింది, దాని పక్కనున్న వేడి జనం నోట్లోంచి జారిపోయింది.

ఇప్పుడున్న పట్టికలోంచి కొన్ని అంకెలు చెబుతాను. ఏ105 అనే మామూలు కార్బన్ స్టీలుతో చేసిన క్లాస్ 150 ఫ్లాంజి 38 డిగ్రీల దాకా 19.6 బార్లు మోస్తుంది. మా ఫ్యాక్టరీల్లో బార్లను అందరూ కేజీలనే అంటారు. రెండింటికీ తేడా నూటికి రెండు వంతులే కాబట్టి ఇక్కడ ఒకటిగానే అనుకోవచ్చు. వేడి 100 డిగ్రీలకు చేరితే అదే ఫ్లాంజి 17.7 బార్లే మోస్తుంది. 200 డిగ్రీలకు 13.8. 300 డిగ్రీలకు 10.2. 400 డిగ్రీలకు 6.5. ఉక్కు అదే, మందం అదే, బోల్టులూ అవే. వేడెక్కే కొద్దీ ఉక్కు సత్తువ తగ్గుతుంది కాబట్టి దాని మీద మోపదగిన బరువు కూడా తగ్గుతుంది. 400 డిగ్రీల దగ్గర అది చల్లగా ఉన్నప్పటి బలంలో మూడో వంతు మాత్రమే మోస్తుంది.

పొలం గట్టున పీవీసీ పైపు వేసిన రైతును అడిగితే ఈ సంగతి వెంటనే ఒప్పుకుంటాడు. చలికాలమంతా నిక్షేపంలా ఉన్న పైపు మే నెల ఎండలో మెత్తబడి, మోటారు వేయగానే అతుకు దగ్గర ఊడిపోతుంది. పీవీసీ పైపులకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 4985 ఇచ్చిన ప్రెషరు 27 డిగ్రీల వేడికి కట్టిన లెక్క. వేడి అంతకు మించితే ప్రెషరు తగ్గించుకోమని ఆ ప్రమాణమే చెబుతుంది. ఉక్కు విషయంలో వేడి హద్దులు ఎక్కువ, సూత్రం మాత్రం ఇదే. కాకపోతే పీవీసీ మెత్తబడటం కంటికి కనబడుతుంది. ఉక్కులో అలాంటి సూచన ఏదీ పైకి కనబడదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే సంగతి ఇప్పుడు చెబుతాను. 17.5 కేజీల బాయిలరు తీసుకోండి. మందుల ఫ్యాక్టరీల్లో అది కొత్తేమీ కాదు. ఆ ప్రెషరు దగ్గర స్టీము వేడి 207 డిగ్రీలు దాటుతుంది. క్లాస్ 150 ఫ్లాంజి చల్లగా ఉన్నప్పుడు 19.6 బార్లు మోస్తుంది కాబట్టి, వేడి సంగతి పట్టించుకోనివాడికి ఇది సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ 207 డిగ్రీల దగ్గర దాని హద్దు 13 బార్ల పైచిలుకు మాత్రమే. అంటే ఆ లైనుకు క్లాస్ 300 కావాలి. పొరపాటున 150 పెట్టారనుకోండి. లైను పూర్తయ్యాక చల్లటి నీళ్లు నింపి, పనిచేసే ప్రెషరుకు ఒకటిన్నర రెట్లు పెట్టి పరీక్ష చేస్తారు. 17.5కు ఒకటిన్నర రెట్లంటే 26 కేజీల చిల్లర. క్లాస్ 150 ఫ్లాంజిని చల్లటి పరీక్షలో 30 బార్ల దాకా తీసుకెళ్లొచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. కాబట్టి లైను చుక్క కారకుండా పాసైపోతుంది. పరీక్ష కాగితం మీద అందరూ సంతకాలు పెడతారు. ఆ తర్వాత స్టీము వదులుతారు.

అంటే తప్పు ఫ్లాంజి పెట్టిన లైను కూడా చల్లటి నీళ్ల పరీక్షలో నెగ్గేస్తుంది. ఆ తప్పును పట్టుకోగలిగేది పట్టిక చూడటం తెలిసిన మనిషి ఒక్కడే. అందుకే ఈ విద్య ఇంజనీరు గదిలో ఆగిపోకూడదని అంటున్నాను.

150, 300 అన్నప్పుడు 300 సరిగ్గా రెండింతల బలం అనుకోవడం ఇంకో పొరపాటు. అదే కార్బన్ స్టీలులో క్లాస్ 300 ఫ్లాంజి చల్లగా ఉన్నప్పుడు 51.1 బార్లు మోస్తుంది, అంటే రెండున్నర రెట్లకు పైనే. 200 డిగ్రీలకు 43.8, 400 డిగ్రీలకు 34.7. ఆ 400 దగ్గర క్లాస్ 150తో పోలిస్తే అయిదు రెట్లు దాటింది. అంకెను రెండు పెట్టి గుణించో భాగించో ఈ లెక్క తేలదు, పట్టిక చూడాల్సిందే.

మన ప్రాంతానికి మరీ ముఖ్యమైనది స్టెయిన్‌లెస్ స్టీలు సంగతి. రణస్థలం మండలం పైడిభీమవరంలో డాక్టర్ రెడ్డీస్, అరబిందో వంటి పెద్ద సంస్థల ప్లాంట్లున్నాయి. మందుల తయారీలో తుప్పు పనికిరాదు కాబట్టి ఏ మందుల ఫ్యాక్టరీకి వెళ్లినా చాలా లైన్లు మెరిసే స్టెయిన్‌లెస్‌వే. ఖరీదెక్కువ, తుప్పు పట్టదు, కాబట్టి బలం కూడా ఎక్కువే అని మా వాళ్లందరి నమ్మకం. ఏ105 ఫ్లాంజి దొరక్కపోతే “ఎస్సెస్ది ఎయ్యండి, ఇంకా మంచిదే” అని స్టోరు నుంచి ఇచ్చేస్తారు. కానీ 316ఎల్ రకం క్లాస్ 150 ఫ్లాంజి 38 డిగ్రీల దగ్గర మోసేది 15.9 బార్లే. 100 డిగ్రీలకు 13.3, 200 డిగ్రీలకు 11.2. మామూలు కార్బన్ స్టీలు 13.8 మోసే చోట ఇది 11.2 మోస్తుంది. లోహం సర్టిఫికెట్టు 316, 316ఎల్ రెండింటికీ సరిపోయేలా ఉంటే 316 లెక్క తీసుకోవచ్చు, అది 200 డిగ్రీలకు 13.7. అంటే ఒకేలా మెరిసే రెండు ఫ్లాంజీల్లో ఏది ఎంత మోస్తుందో తేల్చాలంటే అంచు మీది అక్షరాలు, స్టోరులోని సర్టిఫికెట్టు రెండూ కావాలి. కంటితో చూసి చెప్పలేరు.

వేడి ఒక్కటే కాదు, చలి కూడా ఉంది. మందుల రియాక్టరు చుట్టూ ఉండే జాకెట్‌లో ఒక బ్యాచ్‌లోనే ముందు స్టీము పంపి వేడి చేస్తారు, ఆ తర్వాత సున్నా కంటే ఎంతో కిందికి చల్లబరిచిన బ్రైన్ అనే ఉప్పునీరు పంపుతారు. ఏ105 ఫ్లాంజికి పట్టికలో కింది హద్దు మైనస్ 29 డిగ్రీలు. అంతకంటే చల్లటి చోట అది పెళుసుబారే ప్రమాదం ఉంది, చలికి తట్టుకునే వేరే ఉక్కు వాడాలి. ఇక రోజూ వేడి, చలి, వేడి, చలి అని తిప్పుతుంటే ఫ్లాంజీ బోల్టులూ ఒకే వేగంతో సాగవు, ఒకే వేగంతో ముడుచుకోవు. స్టెయిన్‌లెస్ ఫ్లాంజికి మామూలు ఉక్కు బోల్టులు వేస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. బిగింపు వదులై గ్యాస్కెట్ నలుగుతుంది. టెఫ్లాన్ గ్యాస్కెట్లయితే వేడిలో నొక్కుడుకు మెల్లగా పక్కకు జారిపోతాయి కూడా. పట్టిక ఫ్లాంజి బలం గురించి మాత్రమే చెబుతుంది. జాయింటు నిలబడాలంటే ఫ్లాంజి, గ్యాస్కెట్, బోల్టు మూడూ కుదరాలి. క్లాస్ 150 జాయింట్లను 200 డిగ్రీలకు మించి వాడేటప్పుడు కారకుండా జాగ్రత్త పడాలని బి16.5 ప్రమాణమే హెచ్చరిస్తుంది.

ఆ హెచ్చరిక హాట్ ఆయిల్ లైన్లకు నేరుగా తగులుతుంది. థర్మిక్ ఫ్లూయిడ్ అనే ఆ నూనెను 250, 280 డిగ్రీల దాకా కాచి తిప్పుతారు. ప్రెషరు అయిదారు కేజీలే కాబట్టి పట్టిక ప్రకారం క్లాస్ 150 సరిపోతుంది. కానీ జాయింటు సన్నగా కారితే నూనె పైనున్న ఇన్సులేషన్ దూదిలోకి ఇంకిపోతుంది. బయటికి చుక్క కనబడదు. దూది లోపల నానిన నూనె ఒకరోజు పొగలు కక్కి తనంతట తనే అంటుకుంటుంది. అందుకే తెలిసినవాళ్లు ఆ లైన్లకు క్లాస్ 300 పెడతారు, ఫ్లాంజీల సంఖ్య తగ్గిస్తారు, ఉన్న ఫ్లాంజీలను దూదితో కప్పకుండా వదిలేస్తారు. ఇందులో మీరు గమనించాల్సిన ఇంకో సంగతి ఉంది. స్టీము తయారుచేయదు కాబట్టి హాట్ ఆయిల్ హీటరు బాయిలర్ల చట్టం కిందికి రాదు. 3.5 కేజీలు దాటిన స్టీము పైపును బాయిలర్ల శాఖ చూస్తుంది. 280 డిగ్రీల నూనె పైపును ఆ శాఖ చూడదు. అది మీ క్రైసిస్ గ్రూపు కళ్లలో పడాలి.

పాత ఫ్యాక్టరీల్లో ఇంకో చిక్కుంది. నెల్లిమర్ల జూట్ మిల్లు కాలం నాటి ఫ్యాక్టరీలు, చక్కెర మిల్లులు, రైసు మిల్లులు బ్రిటిష్ ప్రమాణాల మీద కట్టినవి. అక్కడ ఫ్లాంజీలు టేబుల్ డి, టేబుల్ ఈ, టేబుల్ ఎఫ్ అని ఉంటాయి. టేబుల్ డి చదరపు అంగుళానికి 100 పౌండ్లకు, ఈ 200కు, ఎఫ్ 300కు లెక్క. ఆ బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 10 ఏనాడో రద్దయింది, ఫ్లాంజీలు మాత్రం ఇప్పటికీ అమ్ముతున్నారు. రెండు అంగుళాల టేబుల్ ఈ ఫ్లాంజిని, రెండు అంగుళాల క్లాస్ 150 ఫ్లాంజిని పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ నాలుగు రంధ్రాలే. వెడల్పు ఇంచుమించు ఒకటే, 150 మిల్లీమీటర్లు. తేడా రంధ్రాలు ఉన్న వలయంలో ఉంది: ఒకదాని వ్యాసం 114.3 మిల్లీమీటర్లు, రెండోదానిది 120.7. ఆరు మిల్లీమీటర్ల తేడా.

ఈ ఆరు మిల్లీమీటర్లను రాత్రి షిఫ్టులో ఎలా సరిచేస్తారో చెబుతాను. ఒక ఫ్యాక్టరీలో, దాని పేరు ఇక్కడ అనవసరం, పాత స్టీము లైనుకు కొత్త వాల్వు తగిలించాల్సి వచ్చింది. బోల్టులు దూరలేదు. గ్యాస్ కట్టరుతో ఒక ఫ్లాంజి రంధ్రాలను కోలగా సాగదీశారు. బోల్టులు దూరాయి. కానీ నట్టు కింద ఆనాల్సిన ఇనుము సగం పోయింది. వాషరు ఆ ఖాళీలోకి వంగిపోయింది. కట్టరు మంటకు గ్యాస్కెట్ కూర్చునే ముఖం ఒకవైపు వంకరపోయింది. రెండో ఫ్లాంజి అంచు మీద 150 అని నిక్షేపంగా ఉంది. ఆ జాయింటు రేటింగ్ ఎంత అని అడిగితే ఏ పట్టికలోనూ జవాబు లేదు, ఎందుకంటే అది ఇక ఏ ప్రమాణానికీ చెందదు. స్టీము వదిలిన కాసేపటికే సన్నగా ఈల వేసింది. అదృష్టవశాత్తూ అప్పుడక్కడ ఎవరూ లేరు. స్టీము పైపు నుంచి వచ్చే ఆ సన్నటి ఈల దగ్గరికి చెయ్యి పోనిస్తే చర్మం మిగలదు.

అసలు అంచు మీద ఏ అక్షరమూ లేని ఫ్లాంజీలు కూడా తిరుగుతుంటాయి. మామూలు ప్లేటును గ్యాస్‌తో గుండ్రంగా కోసి, లేతు షాపులో రంధ్రాలు పెట్టి ఇచ్చేవి. తక్కువ ప్రెషరు నీళ్ల లైనుకు వాటితో పని జరిగిపోవచ్చు. అవి స్టోరులో మిగిలిపోయి, అవసరం పడినప్పుడు స్టీము లైనుకు ఎక్కేస్తాయి. బోల్టుల సంగతీ అంతే. వేడి లైన్లకు వాడాల్సిన స్టడ్ చివర బి7 అని గుద్ది ఉంటుంది. హార్డ్‌వేర్ షాపు బోల్టు తల మీద 4.6 అనో 8.8 అనో ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. ఇవన్నీ చూడటానికి వైరు బ్రష్షు, టార్చిలైటు చాలు. కానీ ఏమి చూడాలో తెలియాలి.

కొలతలు లేకుండా పైపు వేస్తే ఏమవుతుందో 1974 జూన్ 1న ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో చూపించింది. నైలాన్ ముడిసరుకు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో వరుసగా ఆరు రియాక్టర్లుండేవి. అయిదోది పగిలితే దాన్ని తీసేసి, నాలుగు నుంచి ఆరుకు తాత్కాలికంగా 20 అంగుళాల పైపు వేశారు. దాని డ్రాయింగు వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో గీశారు. లోపల సైక్లోహెక్సేన్ 155 డిగ్రీల వేడిలో, ఎనిమిది బార్లకు పైగా ప్రెషరులో తిరుగుతుండగా ఆ పైపు విరిగింది. 28 మంది చనిపోయారు. అది శనివారం, ఆఫీసులో జనం లేరు. లేకుంటే లెక్క ఇంకా ఎంతో పెరిగేది. ఆ వేడిలో, ఆ ప్రెషరులో ఆ పైపు నిలబడుతుందా అని లెక్క వేసినవాళ్లు లేరు.

మన దగ్గరికొస్తే, కోనసీమలోని నగరం అనే ఊళ్లో 2014 జూన్ 27న గెయిల్ గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన లైనులో తడి గ్యాసు పంపడంతో పైపును తుప్పు లోపలినుంచి తినేసింది. అచ్యుతాపురంలోని ఎసెన్షియా ఫ్యాక్టరీలో 2024 ఆగస్టు 21న ఎంటీబీఈ అనే ద్రావకం లైను నుంచి కారి, ఆవిరై, అంటుకుని 17 మంది చనిపోయారు. ఈ రెండింటికీ కారణం ఫ్లాంజి రేటింగ్ అని నేను అనడం లేదు. మొదటిది చెప్పేది ఏమిటంటే, ఏ పరిస్థితికి లైను కట్టారో దాన్ని మార్చి వాడితే ఆ లైను మీద రాసిన అంకెలకు విలువ లేదు. రెండోది చూశాక కారడాన్ని చిన్న విషయం అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. మన ఎచ్చెర్ల మండలం అరిణాం అక్కివలసలో 2012 జూన్ 30న నాగార్జున అగ్రికెమ్‌లో పేలుడు జరిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల జనం ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగులు తీశారు. ఆ ఊళ్లు ఆ రోజును మరిచిపోలేదు.

పెద్ద ఫ్యాక్టరీల్లో కనీసం సేఫ్టీ ఆఫీసరు అంటూ ఒకరుంటారు. నాకు పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల బెంగ కూడా ఉంది. పచ్చి జీడిపిక్కలను స్టీములో ఉడికించాకే పగలగొట్టేది. చిన్న బాయిలరు, పొట్టి లైను, నాలుగైదు ఫ్లాంజీలు. ఆ వేడికీ ప్రెషరుకూ సరైన క్లాస్ 150 ఫ్లాంజి అయితే నిశ్చింతగా సరిపోతుంది. కానీ ఆ షెడ్లలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లు. లైను పక్కనే కూర్చుంటారు. రిపేరు వస్తే ఊళ్లో వెల్డరును పిలుస్తారు, అతని దగ్గర ఉన్న ఫ్లాంజి అతను వేస్తాడు. నరసన్నపేట, టెక్కలి రైసు మిల్లుల్లో ఊక బాయిలర్ల పరిస్థితీ దీనికి దూరం కాదు.

అయ్యా, ఈ రెండు జిల్లాల గురించి మీకు తెలియనిది కాదు. ఉద్దానం ఊళ్ల కుర్రాళ్లు ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, రిగ్గర్లుగా విశాఖ, పారాదీప్, జామ్‌నగర్ దాకా, అక్కడి నుంచి గల్ఫ్ దాకా వెళ్తున్నారు. రిఫైనరీల షట్‌డౌన్లలో ఎన్నో ఫ్లాంజీలు విప్పి బిగించేది వాళ్ల చేతులు. అక్కడ ఇంజనీరు ఇంగ్లీషులో చెప్పిన స్పెసిఫికేషన్ వీళ్లకు చేరేసరికి “బేగి బిగించీ” అన్న మాటే మిగులుతుంది. రేటింగ్ చదవడం వచ్చిన కుర్రాడు తన ప్రాణం కాపాడుకుంటాడు, పక్కవాడి ప్రాణం కాపాడతాడు, ఎక్కువ జీతమూ తెచ్చుకుంటాడు. ఈ పట్టిక చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఎడమ వరసలో వేడి, పై వరసలో తరగతి, రెండూ కలిసే గడిలో ప్రెషరు. పదో తరగతి పాసైన పిల్లవాడికి అరగంటలో వచ్చేస్తుంది. నేను చెప్పి చూశాను కాబట్టి ధైర్యంగా అంటున్నాను.

చట్టం అండ లేక కాదు. ఫ్యాక్టరీలో వాతావరణ ప్రెషరును మించి నడిచే ఏ యంత్రంలోనైనా సురక్షితమైన హద్దు దాటకుండా చూడాలని 1948 నాటి కర్మాగారాల చట్టం 31వ సెక్షన్ చెప్పింది. భోపాల్ గ్యాసు దుర్ఘటన తర్వాత 1987లో చేర్చిన 41బి సెక్షన్ ప్రమాదాల సమాచారం కార్మికులకూ చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలంది. ఆ చట్టం స్థానంలోకి 2020లో పార్లమెంటు కొత్త కోడ్ చేసింది. వందేళ్ల నాటి 1923 బాయిలర్ల చట్టానికి బదులు 2025లో కొత్త చట్టం వచ్చింది. చట్టాల పేర్లు మారినా కార్మికుడికి తెలిసే భాషలో చెప్పాలన్న బాధ్యత మారలేదు. పాటించడం లేదన్నదే నా బాధ. ఇంగ్లీషులో ప్రింటు తీసి ఫైల్లో పెట్టిన పట్టిక కార్మికుడికి చెప్పినట్టు కాదు.

అందుకని నా విన్నపం ఇది. క్రైసిస్ గ్రూపు సమావేశంలో ఈ విషయం పెట్టి, ముందుగా స్టీము, హాట్ ఆయిల్, ద్రావకాల లైన్ల మీద పదార్థం, ప్రెషరు, వేడి తెలుగులో రాయమని ఫ్యాక్టరీలను ఆదేశించండి. ఏ105, 316, 316ఎల్ ఫ్లాంజీలకు క్లాస్ 150, 300 పట్టికను పెద్ద అక్షరాలతో తెలుగులో అచ్చు వేయించి మెయింటెనెన్సు షెడ్డులోనూ స్టోరు కిటికీ పక్కనా అంటించమనండి. లైను విప్పడానికి ఇచ్చే పర్మిట్ కాగితంలో, తిరిగి బిగించే ఫ్లాంజి తరగతి, లోహం, గ్యాస్కెట్, బోల్టు రకం రాసే గడి ఒకటి చేర్పించండి. అక్షరాలు లేని ఫ్లాంజి, రంధ్రాలు సాగదీసిన ఫ్లాంజి కనబడితే ఆ లైను ఆపేసే అధికారం తనిఖీ అధికారులకు ఉంది, దాన్ని వాడమని చెప్పండి. కాంట్రాక్టు కార్మికులను గేటు దగ్గర సేఫ్టీ క్లాసు పేరుతో కూర్చోబెట్టే ఆ గంటలో అరగంట దీనికి కేటాయించమనండి. పలాస జీడి యజమానులను, రైసు మిల్లుల వాళ్లను, ఊళ్లలో రిపేర్లు చేసే వెల్డర్లను పిలిచి ఒక పూట చెప్పించండి. రాజాం జీఎంఆర్ ఇంజనీరింగ్ కాలేజీలో, విజయనగరం జేఎన్‌టీయూలో చెప్పగలిగిన మాస్టార్లున్నారు. ఐటీఐల్లో ఫిట్టర్ ట్రేడు పిల్లలకు వాళ్ల చేత చెప్పిస్తే ఇంకా మంచిది. పట్టిక తెలుగులోకి దించి ఇవ్వడానికి, వచ్చి చూపించడానికి నాలాంటి రిటైరైన వాళ్లు చాలామంది సిద్ధంగా ఉన్నారు. డబ్బులేమీ అడగం.

నిబంధనల ప్రకారం జిల్లా క్రైసిస్ గ్రూపు 45 రోజులకు ఒకసారి కూర్చోవాలి. వచ్చే సమావేశం అజెండాలో ఈ అంశం చేర్చమని మిమ్మల్ని ఇద్దరినీ ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ పైప్ ఫిట్టరు,
రణస్థలం మండలం